గడిలోని మాటను విడదీసిన కథ

ఒక ఉన్నత పాఠశాలకు పదవ తరగతి విద్యార్థుల జాబితా కంప్యూటరులో వచ్చినదనుకొందాము. ప్రతి విద్యార్థి వివరమంతా ఒకే గడిలో ఉన్నది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు, అన్నీ కామాలతో ఒకదాని వెంట ఒకటి పూసలవలె గ్రుచ్చబడినవి. ప్రధానోపాధ్యాయునికి కావలసినది ఇది కాదు. పేర్లు ఒక నిలువు వరుసలో, తేదీలు మరొక వరుసలో, ఊళ్లు ఇంకొక వరుసలో ఉంటే తప్ప, ఏ ఊరినుండి ఎందరు పిల్లలు వస్తున్నారో లెక్కించుటకు వీలు పడదు. స్ప్రెడ్‌షీటు అనే లెక్కల పట్టికలో ఈ పనికి ఒక ఆజ్ఞ కలదు. దాని పేరు టెక్స్ట్ టు కాలమ్స్. గుమాస్తా ఆ ఆజ్ఞను ఇచ్చి, కామా దగ్గర విరవమని చెప్పగానే, వందల పంక్తులు కనురెప్పపాటులో విడిపోయి వేర్వేరు వరుసలలో సర్దుకొంటాయి.

ఇంత చిన్న పనికి చరిత్ర ఏముంటుందని అనిపించవచ్చును. కాని ఈ ఆజ్ఞ వెనుక ఒక పాత ప్రశ్న దాగి ఉన్నది. ఒక పంక్తిలో ఒక విషయము ఎక్కడ ముగుస్తుంది, రెండవది ఎక్కడ మొదలవుతుంది? మనిషి కంటికి ఈ ప్రశ్నే తోచదు. "తెనాలి" అన్న మాటను చూడగానే అది ఊరని తెలిసిపోతుంది. యంత్రానికి తెనాలి అయినా, తేదీ అయినా, తండ్రి పేరయినా వట్టి గుర్తుల వరుసయే. సరిహద్దు ఎక్కడనో ఎవరో ఒకరు దానికి చెప్పవలసినదే. ఆ చెప్పే బాధ్యత నూటముప్పై ఏండ్లకు పైగా ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారినదో చూస్తే, నేటి గుమాస్తా చేసే పొరపాట్లకు కారణము కూడ తెలుస్తుంది.

యంత్రములు రాకముందు సరిహద్దు చెప్పినది కాగితము. పూర్వము కరణము వ్రాసిన అడంగలులోను, తెలంగాణ ప్రాంతపు పహాణీలోను నిలువు గీతలు ముందే ఉండేవి. సర్వే నంబరుకు ఒక గడి, విస్తీర్ణానికి ఒక గడి, పట్టాదారు పేరుకు ఒకటి, పైరుకు ఒకటి. ఏ విషయము ఎక్కడ వ్రాయవలెనో గీతయే నిర్ణయించినది. పట్టాదారు పేరు పొడుగై ప్రక్క గడిలోకి పోయినా ఎవరికీ నష్టము లేదు. చదివేవాడు తెలుసుకొనేవాడు. ఈ మన్నింపు యంత్రానికి లేదు.

యంత్రము రంగప్రవేశము చేసినది అమెరికా జనాభా లెక్కలలో. అక్కడ 1880లో తీసిన లెక్కల వివరములను చేతితో క్రోడీకరించుటకు ఏడెనిమిది సంవత్సరములు పట్టినది. పదేండ్లకొకసారి వచ్చే లెక్క, తరువాతి లెక్క వచ్చే వేళకు గాని ముగియలేదన్న మాట. ఆ కార్యాలయములో పనిచేసిన యువ ఇంజనీరు హెర్మన్ హాలెరిత్‌కు ఈ పనిని యంత్రముచేత చేయించవచ్చునన్న ఆలోచన కలిగినది. అందుకు ప్రేరణ ఇచ్చినవాడు జాన్ షా బిల్లింగ్స్ అనే వైద్యుడు. అయితే కార్డుమీద రంధ్రములతో ఒక మనిషిని వర్ణించుట ఎట్లా అనేదానికి హాలెరిత్‌కు రైలులో ఒక దృష్టాంతము దొరికినది. ఆ కాలపు టికెట్లను కండక్టరు గుచ్చేటప్పుడు, ప్రయాణికుని జుట్టు రంగు, కండ్ల రంగు, ముక్కు తీరు సూచించే చోట్ల రంధ్రము వేసేవాడు. ఒకరి టికెట్టు మరొకరు వాడకుండ చేయుటకు అది ఉపాయము.

1889లో పేటెంటు పొందిన హాలెరిత్ యంత్రములు 1890 జనాభా లెక్కలలో వాడుకలోకి వచ్చినవి. పద్ధతి సులభముగానే ఉన్నది. మనిషికొక కార్డు. కార్డుమీద వయస్సుకు కొంత చోటు, స్త్రీ పురుష భేదానికి కొంత చోటు, జన్మస్థలానికి కొంత చోటు. గణకుడు తెచ్చిన కాగితమును చూచి గుమాస్తా ఆయా చోట్ల రంధ్రములు పొడిచేది. తరువాత కార్డును యంత్రములో ఉంచి పైనుండి సూదులను దించేవారు. రంధ్రము ఉన్నచోట సూది కార్డుగుండా పోయి, క్రిందనున్న చిన్న గుంటలోని పాదరసమును తాకేది. విద్యుత్ వలయము పూర్తయ్యేది. గడియారమువంటి లెక్కింపు ముల్లు ఒక అంకె ముందుకు జరిగేది. ఆరు కోట్లకు పైబడిన ప్రజల వివరములు ఈ విధముగా, వెనుకటి లెక్కకన్న ఎంతో త్వరగా, పట్టికలకు ఎక్కినవి.

ఈ కథ చెప్పేవారు సాధారణముగా యంత్రమును పొగడుతారు. కాని గమనించవలసినది మరొకటి ఉన్నది. విడదీసే పని యంత్రము చేయలేదు. గణకుడు తెచ్చిన కాగితములోని మాటలను చదివి, అర్థము చేసికొని, ఇది వయస్సు, ఇది పుట్టిన చోటు అని వేరు చేసినది గుమాస్తా. ఏ చోటు దేనికని ముందే నిర్ణయించినది కార్డు గీసినవాడు. యంత్రము చేసినది లెక్క మాత్రమే. విడదీయుట ముందు జరిగినది, లెక్క వెనుక జరిగినది.

హాలెరిత్ సంస్థ ఇతర సంస్థలతో కలసి, 1924 నుండి ఐబిఎం అనే పేరు పొందినది. 1928లో ఆ సంస్థ 80 నిలువు వరుసల కార్డును తెచ్చినది. ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క అక్షరమో, అంకెయో. తరువాతి అర్ధ శతాబ్దము లోకములోని లెక్కలన్నీ ఇంచుమించు ఈ 80 వరుసలలోనే నడచినవి. ఉదాహరణకు 1 నుండి 20 వరకు పేరు, 21 నుండి 26 వరకు పుట్టిన తేదీ, తరువాతి నాలుగు ఊరి సంకేతము అని ఒక కార్యాలయము ఏర్పాటు చేసికొనేది. కార్డుమీద కామా లేదు, గీత లేదు. స్థానమే సరిహద్దు. 20వ వరుస దాటితే అది పేరు కాదు.

ఈ కట్టుబాటుకు రెండు మూల్యములు చెల్లించవలసి వచ్చినది. మొదటిది, పొట్టి పేరుకు చోటు వృథా, పొడుగు పేరుకు చోటు చాలదు. రోమను లిపిలో వ్రాస్తే ఒక్క "సత్యనారాయణమూర్తి"కే పద్దెనిమిదో పందొమ్మిదో వరుసలు కావలెను. ఇంటిపేరు కూడ చేరితే కొన తెగిపోవలసినదే. కత్తిరించబడిన పేర్లతో నేటికీ తిరుగుతున్న పాత దస్తావేజులు కలవారు ఈ మాటను సులభముగా గ్రహిస్తారు.

రెండవ మూల్యము మరింత పెద్దది. 80 వరుసలలో ప్రతి వరుసా విలువైనదే గాన, సంవత్సరమును నాలుగు అంకెలతో గాక రెండు అంకెలతో వ్రాయు అలవాటు బలపడినది. 1965కు 65 చాలును. కార్డులు పోయినవి, అయస్కాంత టేపులు వచ్చినవి, డిస్కులు వచ్చినవి, అలవాటు మాత్రము పోలేదు. 2000 సంవత్సరము దగ్గర పడేసరికి 00 అనగా 1900 అని యంత్రములు భ్రమపడే ప్రమాదము ఏర్పడినది. పాత ప్రోగ్రాములను పంక్తి పంక్తిగా వెదకి, రెండు స్థానములను నాలుగు చేయవలసి వచ్చినది. 1990 దశకము చివర హైదరాబాదు నుండి అమెరికాకు వెళ్లిన తెలుగు ఇంజనీర్లలో చాలామందికి దొరికిన మొదటి పని ఇదే. కార్డుమీద రెండు వరుసలు ఆదా చేసిన పొదుపరితనము ఇన్ని ఏండ్ల తరువాత ఒక తరానికి జీవనోపాధి అయినది.

స్థానముతో సరిహద్దు చెప్పే పద్ధతి ఇబ్బంది అయినప్పుడు, గుర్తుతో చెప్పే పద్ధతి వచ్చినది. విషయము ఎంత పొడుగైనా ఉండనిమ్ము, ముగిసినచోట ఒక గుర్తు ఉంచుము, అంతే. 1972 నాటికే ఐబిఎం వారి ఫోర్ట్రాన్ కంపైలరు ఒకటి, అంకెల నడుమ కామా ఉంటే చాలును, ఏ స్థానములో ఉన్నవన్నది ముఖ్యము కాదు అనే సౌకర్యమును ఇచ్చినది. ఫోర్ట్రాన్ 77 ప్రమాణములో అది స్థిరపడినది. కార్డులు గుద్దేవారికి ఇది పెద్ద ఊరట. ఒక వరుస అటు ఇటు జరిగినంత మాత్రాన లెక్క తప్పదు.

ఇక్కడ ఒక విచిత్రము ఉన్నది. 1960 దశకములో అక్షరములకు సంఖ్యలు కేటాయించిన ఆస్కీ అనే అమెరికా ప్రమాణమును తయారు చేసినవారు, ఈ పనికోసమే నాలుగు ప్రత్యేక గుర్తులను ఏర్పరచినారు. 28 నుండి 31 వరకు గల సంఖ్యలు వాటివి. ఒకటి ఫైలును ఫైలునుండి వేరు చేయుటకు, ఒకటి సమూహములను, ఒకటి పంక్తులను, చివరిది పంక్తిలోని విషయములను వేరు చేయుటకు. ఈ గుర్తులు మామూలు వ్రాతలో ఎన్నడూ రావు. కాబట్టి సరిహద్దుకు, సరుకుకు గందరగోళమే ఉండదు. ఇంత చక్కని ఏర్పాటు వాడుకలోకి రాలేదు. ఆ గుర్తులకు కీబోర్డుమీద మీట లేదు, తెరమీద రూపము లేదు. మనిషి చూడలేనిదానిని, టైపు చేయలేనిదానిని మనిషి వాడలేదు. 44వ సంఖ్య గల కామా అందరి చేతి క్రింద ఉన్నది, అదే గెలిచినది. మంచి ఏర్పాటు ఓడిపోయిన ఈ సంగతిని తేలికగా కొట్టివేయరాదు. తరువాత వచ్చిన చిక్కులలో సగము దీనినుండి పుట్టినవే.

ఏలననగా కామా సరిహద్దు మాత్రమే కాదు, సరుకులో కూడ వస్తుంది. ఇంటి చిరునామాలో కామా ఉంటుంది. మన దేశములో లక్షా ఇరవై అయిదు వేలను 1,25,000 అని వ్రాస్తాము. ఆ పంక్తిని కామా దగ్గర విరవమంటే ఒక మొత్తము మూడు గడులలో పడుతుంది. మొదటిదానిలో 1, రెండవదానిలో 25, మూడవదానిలో మూడు సున్నలకు బదులు ఒక్క సున్న. జర్మనీ, ఫ్రాన్సు వంటి దేశాలలో దశాంశ బిందువు స్థానములో కామాయే వాడుతారు గాన, అక్కడివారు విడదీయుటకు సెమికోలనును ఎన్నుకొన్నారు. అందువలన ఒక దేశపు ఫైలు మరొక దేశపు యంత్రములో తెరిస్తే అంతా ఒకే గడిలో ముద్దగా కనిపించుట అరుదు కాదు. దీనికి విరుగుడుగా, కామా గల విషయమును ఉద్ధరణ చిహ్నముల నడుమ ఉంచే ఆచారము వచ్చినది. ఉద్ధరణ చిహ్నమే సరుకులో ఉంటే దానిని రెండుసార్లు వ్రాయవలెను. ఈ నియమములన్నీ చాలకాలము ఎవరికి తోచినట్లు వారు పాటించినవే. కామా ఫైళ్లు వాడుకలోకి వచ్చి ముప్పై ఏండ్లు దాటిన తరువాత, 2005లో గాని ఆర్‌ఎఫ్‌సి 4180 అనే పత్రము వాటిని ఒకచోట వ్రాసి పెట్టలేదు.

ఇంతలో స్ప్రెడ్‌షీటు పుట్టినది. 1978లో హార్వర్డు వాణిజ్య పాఠశాలలో చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌కు, నల్లబల్లమీద గీసిన లెక్కల పట్టికలో ఒక అంకె మార్చితే మిగిలినవన్నీ తుడిచి మరల వ్రాయవలసి వచ్చుట చూచి, ఆ పట్టిక తానే మారితే ఎట్లా ఉంటుందన్న ఊహ కలిగినది. బాబ్ ఫ్రాంక్‌స్టన్ తోడ్పాటుతో 1979లో అది విసికాల్క్ అనే పేరుతో ఆపిల్ 2 కంప్యూటరుమీదికి వచ్చినది. 1983లో లోటస్ 1-2-3, 1985లో మెకింటోష్ యంత్రములకు, 1987లో విండోస్‌కు ఎక్సెల్. కరణముగారి గీతల కాగితము తెరమీదికి ఎక్కినది, కాని ఇప్పుడు ప్రతి గడికీ ఒక చిరునామా ఉన్నది, ప్రతి గడిలోనూ ఒకే విషయము ఉండవలెనన్న పట్టుదల ఉన్నది.

బయటి లోకము ఈ పట్టుదలను గౌరవించలేదు. పెద్ద కార్యాలయములలోని పెద్ద కంప్యూటర్లు తమ నివేదికలను కార్డుల కాలపు పద్ధతిలోనే, స్థానములు చూచుకొంటూ, పొడుగాటి పంక్తులుగా అచ్చు వేస్తున్నవి. బల్లమీది చిన్న కంప్యూటరులోకి వాటిని తెచ్చుకొంటే, ఒక్కొక్క పంక్తి మొత్తము మొదటి వరుసలోని ఒక్కొక్క గడిలో వచ్చి పడేది. కంటికి అంకెలు కనిపిస్తున్నవి, కూడబోతే కూడవు. ఈ చిక్కును విప్పుటకు 1985లో వెలువడిన లోటస్ రెండవ సంస్కరణలో పార్స్ అనే ఆజ్ఞ చేర్చబడినది. నేటి టెక్స్ట్ టు కాలమ్స్‌కు ఇది ముత్తాత.

ఆ ఆజ్ఞ పనితీరు తెలిసికొనదగినది. విడదీయవలసిన పంక్తులకు పైన యంత్రము ఒక నమూనా పంక్తిని వ్రాసేది. మాట మొదలయ్యేచోట ఎల్ అనే ఆంగ్లాక్షరము, అంకె మొదలయ్యేచోట వి, తేదీకి డి, గంటలకు టి. అదే విషయము సాగుతున్నంత మేర బాణపు మొనవంటి గుర్తులు, ఖాళీ ఉన్నచోట చుక్కగుర్తులు. మొదటి పంక్తిని చూచి యంత్రము చేసికొన్న ఊహ అది. రెండు మాటల ఊరి పేరు ఉంటే రెండు వరుసలుగా ఊహించేది. కాని ఆ ఊహ మనిషి కంటి ఎదుటనే ఉన్నది. అతడు దానిని దిద్దవచ్చును. ఒక వరుస అక్కరలేదనుకొంటే ఎస్ అని వ్రాసి వదలివేయవచ్చును. దిద్దిన తరువాతనే విభజన జరిగేది. అందము తక్కువే గాని, నిజాయితీ గల పద్ధతి.

ఎక్సెల్‌లో 1990 దశకములో స్థిరపడిన టెక్స్ట్ టు కాలమ్స్ మూడు మెట్లుగా నడుస్తుంది. మొదటి మెట్టులో, విభజన గుర్తునుబట్టా, స్థానమునుబట్టా అని అడుగుతుంది. కామాకూ కార్డుకూ మధ్య ఎన్నిక అది, చరిత్ర అంతా ఒక ప్రశ్నగా మారినది. రెండవ మెట్టులో ఏ గుర్తో, ఏ స్థానమో చెప్పవలెను. మూడవ మెట్టులో, విడిపోయిన ప్రతి వరుసలోని సరుకు ఏ జాతిదో అడుగుతుంది: సామాన్యమా, వట్టి వ్రాతయా, తేదీయా, లేక వదలివేయవలసినదా. ముందుగానే "సామాన్యము" అని ఎన్నిక చేయబడి ఉంటుంది. చాలామంది ఈ మెట్టును చదువకయే ముగింపు మీటను నొక్కుతారు. లోటస్‌లో కంటి ఎదుటనున్న ఊహ ఇక్కడ "సామాన్యము" అన్న మాట వెనుకకు పోయినది. సామాన్యము అనగా, సరుకును చూచి యంత్రమే ఏదని ఊహిస్తుందని అర్థము.

ఆ ఊహ ఎంత దూరము పోగలదో జీవశాస్త్రజ్ఞులకు తెలిసివచ్చినది. మానవ జన్యువులకు పొట్టి పేర్లు ఉన్నవి. సెప్టిన్ అనే మాంసకృత్తుల జాతికి చెందిన ఒక జన్యువు పేరు సెప్ట్2. మరొక జాతి జన్యువు మార్చ్1. వీటిని స్ప్రెడ్‌షీటు గడిలోకి తేగానే మొదటిది సెప్టెంబరు 2వ తేదీగాను, రెండవది మార్చి 1వ తేదీగాను మారినవి. 2004లోనే కొందరు పరిశోధకులు ఈ ప్రమాదమును ప్రకటించినారు. జపానులోని రైకెన్ సంస్థ ఇచ్చిన 2310009ఇ13 వంటి గుర్తింపు సంఖ్య, నడుమనున్న ఇ అక్షరమువలన, పది యొక్క ఘాతముతో కూడిన పెద్ద సంఖ్యగా మారిపోయి, అసలు అంకెలు కనబడకుండ పోవుటను కూడ వారు చూపినారు.

ఎవరూ అంతగా పట్టించుకొనలేదు. 2016లో ఆస్ట్రేలియాలోని పరిశోధకులు, 18 పత్రికలలో 2005 నుండి 2015 వరకు జన్యు పట్టికలతో వెలువడిన 3,597 పరిశోధన పత్రములను పరీక్షించినారు. వాటిలో 704 పత్రముల పట్టికలలో జన్యువుల పేర్లు ఈ విధముగా చెడి ఉన్నవి. అనగా అయిదింట ఒకటి. 2021లో వెలువడిన మరొక పరిశీలనలో ఇది నూటికి ముప్పైకి చేరినది. చివరకు యంత్రము మారకముందే మనుష్యులు మారవలసి వచ్చినది. మానవ జన్యువులకు పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘము 2020లో సెప్ట్2ను సెప్టిన్2గాను, మార్చ్1ను మార్చ్ఎఫ్1గాను మార్చినది. ఒక లెక్కల పనిముట్టు అలవాటుకు తలవంచి శాస్త్రము తన పదములను మార్చుకొనుట చాల అరుదైన సంఘటన.

ఈ ప్రమాదము పరిశోధనశాలలకే పరిమితము కాదు. హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో ఇంటి నంబర్లు అడ్డగీతలతో ఉంటవి. 4-7-15 అన్న నంబరును తీసికొందాము. ఇందులో అంకెలు మూడు, గీతలు రెండు. పురపాలక సంఘపు గుమాస్తా దీనిని గీత దగ్గర విడదీసి, మూడు వరుసలలో ఉంచుకొనదలచుట సమంజసమే. కాని చిరునామా నుండి ఈ నంబరు "సామాన్యము" అన్న వరుసలోకి పడిన క్షణముననే యంత్రము దానిని 2015 జూలై 4వ తేదీగా గ్రహిస్తుంది. లోపల భద్రపరచేది 42189 అనే సంఖ్య, 1900 జనవరి 1వ తేదీని ఒకటిగా మొదలుపెట్టి యంత్రము లెక్కించే దినముల సంఖ్య అది. కంప్యూటరు అమెరికా అలవాటులో అమర్చబడి ఉంటే అదే ఇల్లు ఏప్రిల్ 7వ తేదీ అవుతుంది, సంఖ్య 42101. ఆ తరువాత గీత దగ్గర విరవమన్నా విరిగేది ఇంటి నంబరు కాదు, తేదీ. 12/3 అన్న సర్వే నంబరుకు పట్టే గతి కూడ ఇదే. 00472 అన్న హాల్ టికెట్టు నంబరు 472 అవుతుంది. ఇంటి నంబరు తేదీగా మారితే నవ్వి ఊరుకొనవచ్చును. పొలము సర్వే నంబరు మారితే రైతు నవ్వడు.

మూడవ మెట్టులో ఆ వరుసను "వట్టి వ్రాత" అని ముందే చెప్పితే ఇవేవీ జరుగవు. ఈ ఒక్క సంగతి తరగతిలో చెప్పదగినది. విడదీయబోయే వరుసను మరొక చోట నకలు తీసి ఉంచుకొనుట, కుడిప్రక్క తగినన్ని ఖాళీ వరుసలు ఉన్నవో లేవో చూచుకొనుట కూడ అవసరము. ముక్కలు ఆ ప్రక్కనున్న గడులలోనే పడి, అక్కడి పాత సరుకును తుడిచివేస్తవి.

స్థానమునుబట్టి విరిచే పాత పద్ధతికి తెలుగు లిపితో పొత్తు కుదరదు. కార్డుమీద అక్షరమునకొక వరుస. 1991లో వచ్చిన యూనికోడ్ ప్రమాణములో తెలుగుకు చోటు దొరికినది గాని, అక్కడ "స్త్రీ" అన్నది ఒక అక్షరము కాదు. సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫ, గుడిదీర్ఘము, వెరసి ఆరు సంకేతములు. మొదటి అక్షరము వరకు విరవమంటే యంత్రము "స" వరకే ఇస్తుంది. గుణింతము తెలిసిన అయిదేండ్ల పిల్లవాడు చేయని తప్పు ఇది. అందుచేత తెలుగు జాబితాలను గుర్తులనుబట్టి విడదీయుటయే క్షేమము.

గుర్తు సరిగా ఉన్నా, జాతి సరిగా చెప్పినా మిగిలే చిక్కు ఒకటి కలదు. అది పేర్లది. ఖాళీ దగ్గర విరిచి, మొదటి మాటను పేరు అనీ, చివరి మాటను ఇంటిపేరు అనీ శీర్షికలు పెట్టుట పాశ్చాత్య దేశముల అలవాటు. తెలుగువారిలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఉండగా, రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలసి 1925లో ప్రకటించినారు. శాస్త్రలోకము దానిని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటుంది. ఫిస్కే వంశనామము, సుబ్బారావు తల్లిదండ్రులు పెట్టిన పేరు. రెండూ ఒకే వరుసలో కూర్చున్నవి. ఇక్కడ తప్పు యంత్రముది కాదు. వరుసకు శీర్షిక పెట్టిన ఆచారముది.

1970లో ఐబిఎం శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ కాడ్ దత్తాంశములను పట్టికలుగా అమర్చే సిద్ధాంతమును ప్రతిపాదిస్తూ, గడిలోని విలువ ఇక విభజింపరానిదై, పరమాణువువలె ఉండవలెనన్నాడు. వినుటకు బాగున్నది. కాని ఏది విభజింపరానిది? తపాలా బంట్రోతుకు 4-7-15 ఒకే పరమాణువు. వార్డులవారీగా పన్ను లెక్కించేవానికి అది మూడు. పుట్టిన తేదీ ప్రధానోపాధ్యాయునికి ఒకటే, వర్షాకాలములో పుట్టినవారెందరని అడిగే పరిశోధకునికి మూడు. భౌతికశాస్త్రములోని పరమాణువుకు జరిగినదే దీనికీ జరిగినది: అవసరము ఉన్నవాడు పగులగొట్టినాడు.

2013లో ఎక్సెల్‌కు ఫ్లాష్ ఫిల్ అనే సౌకర్యము వచ్చినది. దాని వెనుకనున్న పరిశోధన కాన్పూరు ఐఐటిలో చదివిన సుమిత్ గుల్వానీది. ఇందులో గుర్తు చెప్పనక్కరలేదు, స్థానము చెప్పనక్కరలేదు. మనిషి ఒకటి రెండు గడులలో తనకు కావలసినది వ్రాసి చూపితే, ఆ ఉదాహరణలకు సరిపడే నియమమును యంత్రమే వెదకి మిగిలినవి నింపుతుంది. అద్భుతమైన పని. అయితే మొదటి రెండు ఉదాహరణలలో ఇంటిపేరు ముందున్నవారినే చూపి, మూడవ పంక్తిలో ఇంటిపేరు చివరనున్న బొంబాయి విద్యార్థి వస్తే, యంత్రము తాను నేర్చిన నియమమునే అక్కడా వర్తింపజేస్తుంది. తరువాత 2022లో టెక్స్ట్‌స్ప్లిట్ అనే సూత్రము వచ్చినది. ఇది అసలు గడిని తాకకుండ ముక్కలను వేరేచోట చూపుతుంది గాన, తప్పు జరిగితే వెనుకకు పోవుటకు దారి ఉన్నది.

2023లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్సెల్‌లో, అక్షరములను తేదీలుగాను సంఖ్యలుగాను తనంత తాను మార్చే అలవాటును కోరినవారు ఆపివేసికొనుటకు మీట ఇచ్చినది. 2004 నాటి హెచ్చరికకు పందొమ్మిది ఏండ్ల తరువాత. అప్పటికే అచ్చయిన పట్టికలకు ఆ మీట ఏమీ చేయలేదు. వాటిలో మార్చి 1 అని ఉన్న గడి ఒకప్పుడు మార్చ్1 అనే జన్యువు కావచ్చును. మార్క్1 అని మరొక జన్యువు ఉండేది, దాని ఆంగ్ల వర్ణములను కూడ యంత్రము మార్చి 1వ తేదీగానే చదివినది. ఒకే పట్టికలో మార్చి 1 రెండుసార్లు కనిపిస్తే, ఏ గడి ఏ జన్యువుదో పరిశోధకుని మూల ప్రతి దొరికితేనే తేలుతుంది.